పాలరూటుకు పాత ఫోర్ వీల్ వ్యాను: కొనే ముందు, ట్యాంకు పెంచే ముందు

(అనకాపల్లిలో జరిగిన పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండ పాదాన ఉన్న సంఘాల ఇబ్బంది మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి, రావికమతం, గొలుగొండ మండలాలలో పెద్ద రోడ్లు తారు రోడ్లే. కాని ఆ తారు రోడ్డు దిగి లోపలి ఊరి పాలకేంద్రానికి వెళ్లే కిలోమీటరు, రెండు కిలోమీటర్ల మట్టిబాట వానాకాలంలో దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. వ్యాను అక్కడ దిగబడితే పాలు ఆగవు కదా. పితికిన క్షణం నుంచి వాటికి గడువు మొదలైనట్టే. 30 డిగ్రీల వేడిలో పాలలోని సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. మూడు నాలుగు గంటలలో 4 డిగ్రీల చల్లదనానికి చేర్చకపోతే ఆ క్యాను పులుపెక్కే ప్రమాదం ఉంది. విరిగిన క్యాను ఖరీదు ఎవరి ఖాతాలో రాసినా, చివరకు పడేది రైతు పాలబిల్లు మీదనే.

అందుచేత కొన్ని సంఘాల వారు కలిసి, కొత్త బండి ధర అందుబాటులో లేదు గనుక, పాత డీజిల్ ఫోర్ వీల్ వ్యాను ఒకటి కొని, దానికి అదనంగా ఒక డీజిల్ ట్యాంకు బిగిస్తే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. మా సంఘంలో ఇదే పని మీద ముగ్గురు సభ్యుల ఉపసంఘం వేసుకున్నాం. మేము తిరిగి చూసినవి, విచారించి తెలుసుకున్నవి మీ ముందు పెడుతున్నాం. మా మాట ముందే చెప్పేస్తాం: బండి విషయం ఆలోచించదగినదే, అదనపు ట్యాంకు మాత్రం బండికి కాదు, పాలకేంద్రానికి కావాలి. ఎందుకో వరుసగా మనవి చేస్తాం.

ముందు అవసరం లెక్క కట్టాలి

మామూలు వ్యానులో ఇంజను బలం వెనుక రెండు చక్రాలకే పోతుంది. ఫోర్ వీల్ గేరు వేస్తే ముందు చక్రాలకు కూడా పోతుంది. దీనివల్ల ఇంజను బలం పెరగదు. నేల మీద పట్టు పెరుగుతుంది. బురదలో వెనుక చక్రాలు జారి తిరుగుతున్నప్పుడు ముందు చక్రాలు పట్టుకుని లాగుతాయి. అంతవరకే దాని ప్రయోజనం. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి గనుక, ఫోర్ వీల్ ఉన్నంత మాత్రాన బండి తొందరగా ఆగదు. మాడుగుల నుంచి పాడేరు ఘాట్ ఎక్కే రూటులో డ్రైవర్లు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి.

ఆ పట్టు కోసం మనం ఏడాది పొడవునా ఖర్చు పెడతాం. బండి బరువెక్కువ, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ముందు ఇరుసు, అదనపు షాఫ్టు, అదనపు గేరుపెట్టె మరమ్మతులు ఉంటాయి. కాబట్టి ముందుగా ఒక పుస్తకం పెట్టండి. జూన్ నుంచి డిసెంబరు వరకు వ్యాను ఎన్ని పూటలు దిగబడింది, ఎన్ని క్యాన్లు ఆలస్యమయ్యాయి, ఎన్ని లీటర్లు తిరిగి వచ్చాయి అన్నది రాయించండి. ఏడాదిలో పది పదిహేను పూటలే అయితే ఆ కిలోమీటరు దూరం ట్రాక్టరుతో క్యాన్లు తారు రోడ్డుకు చేర్చుకోవడమో, పంచాయతీతో మాట్లాడి గ్రావెల్ తోలించడమో చవక. నెలల తరబడి బాధ ఉన్న రూటుకే ఫోర్ వీల్ అవసరం.

ఏ బండి?

మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. ఏజెన్సీ రోడ్లమీద ఎన్నో ఏళ్లు జనాన్ని మోసిన కమాండర్ జీపులు ఆ వంశానివే. కాని జీపు ఆకారం ఉన్నంత మాత్రాన ఫోర్ వీల్ అనుకోవద్దు. వాటిలో చాలావాటికి వెనుక చక్రాలకే బలం అందుతుంది. సామాను తొట్టి ఉన్న పాత బళ్లలో మనకు తగలగలిగినవి బొలెరో పికప్, క్యాంపర్లలోని ఫోర్ వీల్ రకాలు, స్కార్పియో గెటవే, టాటా జెనాన్, మన రాష్ట్రంలోని శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్. వీటిలో చాలా పేర్లతో టూ వీల్ బళ్లు కూడా ఉన్నాయి. పేరు చూసి కాదు, బండి కిందికి దూరి ముందు ఇరుసుకు షాఫ్టు ఉన్నదా లేదా చూసి నిర్ణయించాలి.

మరొక మాట. రెండు వరుసల సీట్లున్న బండికి తొట్టి చిన్నది. మనం కొనేది క్యాన్లు మోయడానికి గాని మనుషులను మోయడానికి కాదు. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోల పైచిలుకు తూగుతాయి. ఇరవై క్యాన్లంటే పాల బరువే 820 కిలోలు దాటుతుంది. క్యాన్ల బరువు అదనం. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మిగిలేదే మన హక్కు. అమ్మేవాడి మాట నమ్మకుండా బండిని దగ్గరలోని కాటా మీద పెట్టించి ఖాళీ బరువు తూయించండి. చెరకు తోలే మన జిల్లాలో కాటాకు కొదవ లేదు.

గేదెను చూసినట్టు చూడాలి

మనం గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పొదుగు చూస్తాం, రెండు మూడు పూటలు దగ్గరుండి పిండించుకుంటాం. మధ్యాహ్నం వేళ సంతలో చూసి డబ్బు ఇచ్చేసి రాము. బండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం రంగు చూసి మోసపోతాం. అదే జాగ్రత్త ఇక్కడా చూపాలి.

తెల్లవారు జామునే, చెప్పకుండా వెళ్లండి. బానెట్టు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపు ఇంజను నడిపారన్న మాట. మరో రోజు రండి. చల్లని ఇంజను మొదటి రెండు తిప్పులలో అందుకోవాలి. వేడెక్కిన తర్వాత కూడా నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నట్టు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే తల భాగంలో లోపం ఉండవచ్చు. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూడండి. పొయ్యిలోంచి వచ్చినట్టు ఆవిరి తన్నుకొస్తే రింగులు అరిగిపోయాయని అర్థం. ఛాసీని సుత్తితో కొట్టి వినండి. ఉప్పుగాలి తిన్న బళ్లు మన కోస్తాలో చాలా ఉన్నాయి. కొత్త నల్లరంగు కింద తుప్పు ఉంటే మోత మొద్దుగా వస్తుంది. కమాను పట్టీలలో అదనంగా పట్టీలు వేసి ఉంటే అధిక బరువులు మోసిన బండి అని గ్రహించాలి.

ఫోర్ వీల్ సంగతి వేరుగా చూడాలి. మేము చూసిన ఒక బండికి గేరు కర్ర ఉంది, బోర్డు మీద దీపం వెలిగింది, కింద చూస్తే ముందు షాఫ్టే లేదు. డీజిల్ ఆదా అవుతుందని ఎవరో విప్పి పక్కన పెట్టారు. కాబట్టి మెత్తని నేల మీద, లేదా దుక్కి చేసిన చేలో, ఫోర్ వీల్ గేరు వేయించి నడిపించండి. నాలుగు చక్రాలూ మట్టి చిమ్మాలి. తక్కువ గేరు, అంటే లో రేంజి కూడా వేసి చూడండి. క్రాస్ జాయింట్లలో ఊగులాట, ముందు ఇరుసు చివర్ల ఆయిలు కారడం, రబ్బరు తొడుగుల చీలికలు గమనించండి. నాలుగు టైర్లూ ఒకే కొలతవి కావాలి. ఈ బళ్లలో ఎక్కువ వాటిని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ గేరులో నడపరాదు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. తారు మీద జారే వీలు లేక ఆ బిగువంతా గేరుపెట్టె మీద పడుతుంది. అమ్మేవాడి డ్రైవరు తారు మీద ఆ గేరు వేసి గొప్పగా చూపిస్తుంటే, ఆ బండి ఇన్నాళ్లూ ఎలా నడిచిందో అర్థం చేసుకోవచ్చు.

2020 ఏప్రిల్ 1 తర్వాతి బి.ఎస్.6 డీజిల్ బళ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసి తనంతట తాను కాలాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. మన పాలవ్యాను ప్రతి రెండు కిలోమీటర్లకు ఆగుతుంది. కనుక అటువంటి బండి తీసుకుంటే వారానికొకసారైనా పెద్ద రోడ్డు మీద అరగంట నడిపే ఏర్పాటు ఉండాలి. లేకుంటే ఆ జల్లెడ ఖర్చు మన మీద పడుతుంది.

కాగితాలు

ఇంజను నంబరు, ఛాసీ నంబరు ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిపోవాలి. అప్పు ఉన్న బండి అయితే ఫైనాన్సు వారు సంతకం చేసిన 35వ నంబరు ఫారం లేనిదే డబ్బు ఇవ్వరాదు. యాజమాన్యం మార్పుకు 29, 30 నంబరు ఫారాలు. కొన్నవారు 30 రోజులలోపు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజులలోపు తెలియజేయాలి. సంఘం డబ్బుతో కొన్న బండి సంఘం పేరు మీదనే ఉండాలి గాని అధ్యక్షుని పేరునో కార్యదర్శి పేరునో ఉండకూడదు.

ఇతర రాష్ట్రాల బళ్ల విషయంలో మరింత జాగ్రత్త. పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఢిల్లీ ప్రాంతంలో హరిత ట్రిబ్యునల్ 2015లోను, సుప్రీంకోర్టు 2018లోను ఇచ్చిన ఆదేశాల తర్వాత అక్కడి పాత బళ్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు రావడం మొదలైంది. ధర చూసి తొందరపడవద్దు. అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టవలసిన పన్ను, మళ్లీ రిజిస్ట్రేషను, ఇవన్నీ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్క వేయండి. 15 ఏళ్లు దాటిన రవాణా బళ్ల ఫిట్‌నెస్ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగింది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఏనుగును కొని అంకుశానికి తగవులాడినట్టు కాకూడదు కదా.

బండి సొంతానికి రిజిస్టరు అయిందా, రవాణాకు అయిందా చూడండి. వి-క్రాస్ వంటివి తెల్ల బోర్డుతో ఉండవచ్చు. సొంతానికి రిజిస్టరు అయిన బండిని పాలరూటుకు పెట్టడం కుదరదు. డ్రైవరు లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండిని లైట్ మోటారు వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న చెప్పింది.

అదనపు ట్యాంకు

ఇక అసలు ప్రశ్నకు వస్తున్నాం. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాలలో బంకుకూ బంకుకూ మధ్య వందల కిలోమీటర్లు ఉంటాయి. అక్కడి పశువుల రైతులు తమ బళ్లకు పెద్ద ట్యాంకులు, రెండో ట్యాంకులు బిగించుకుంటారు. అది వారికి ప్రాణావసరం. మనకు అనకాపల్లి, చోడవరం, మాడుగుల, నర్సీపట్నం అంతటా బంకులున్నాయి.

లెక్క చూడండి. ఒక రూటు 35 కిలోమీటర్లు, రెండు పూటలు కలిసి 70 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే రోజుకు 7 లీటర్లు. 55 లీటర్ల ట్యాంకు వారం రోజులు వస్తుంది. బురదలో లీటరుకు 6 కిలోమీటర్లే ఇచ్చినా రోజుకు 12 లీటర్లు. నాలుగు రోజులు దాటి వస్తుంది. మరి రెండో ట్యాంకు దేనికి?

దాని వల్ల నష్టం మాత్రం రోజూ ఉంటుంది. 100 లీటర్ల డీజిల్ సుమారు 83 కిలోలు. ఇనుప ట్యాంకు, పట్టీలు కలుపుకుంటే రెండు క్యాన్ల పాలకు సమానమైన బరువు. ఆ మేరకు ప్రతి పూటా రెండు క్యాన్ల చోటు వదులుకోవాలి. లేదా అధిక బరువుతో వెళ్లాలి. అధిక బరువుకు 2019 సవరణ ప్రకారం కనీస జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు 2,000.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్మాణానికి, ఆర్.సి. వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. ఉల్లంఘిస్తే ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వారు వేసే మొదటి ప్రశ్న కూడా ఇదే. కొనబోయే పాత బండికి ఎవరైనా ముందే రెండో ట్యాంకు బిగించి ఉంటే దానిని లాభంగా లెక్క వేయకండి. తీయించి, గొట్టాలన్నీ కంపెనీ పద్ధతికి తెచ్చిన తర్వాతే కొనండి.

అటువంటి ట్యాంకులు ఎందుకు పాడుచేస్తాయో కూడా తెలుసుకోవడం మంచిది. డీజిల్ ఇంజనుకు రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి డీజిల్ తెస్తుంది, రెండోది మిగిలిన డీజిల్‌ను తిరిగి ట్యాంకుకు పంపుతుంది. ఊళ్లో వెల్డింగు చేసేవారు తెచ్చే గొట్టానికి మాత్రమే మార్పిడి వాల్వు వేస్తారు. అప్పుడు ఇంజను రెండో ట్యాంకులోంచి తాగి, మిగిలినది మొదటి ట్యాంకులో పోస్తుంది. మొదటిది నిండి పొర్లి సైలెన్సరు మీద పడవచ్చు. లోపల అడ్డు రేకులు లేకపోతే మలుపులో డీజిల్ అంతా ఒక పక్కకు పోటెత్తి బండిని ఊపుతుంది. జింకు పూత రేకుతో చేస్తే ఆ జింకు డీజిల్‌లో కరిగి ఇంజెక్టర్లను చెడగొడుతుంది. ఇవన్నీ రూటు మధ్యలో, పాలు తొట్టిలో ఉండగా బయటపడే లోపాలు.

తొట్టిలో క్యాన్ల పక్కనే డీజిల్ డబ్బా పెట్టుకుపోవడం అన్నింటికన్నా చెడ్డది. పాలలోని వెన్న వాసనను పట్టుకుంటుంది. మన గేదె పాలలో వెన్న ఎక్కువ గనుక మరింత తొందరగా పడుతుంది. ఒక్క క్యాను వాసన ట్యాంకరు మొత్తాన్ని పాడుచేయగలదు.

డీజిల్ నిల్వ ఎక్కడ ఉండాలి?

అయితే ఈ కోరిక వెనుక ఒక న్యాయమైన భయం ఉన్నది. దానిని తేలికగా కొట్టివేయలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. బంకుల దగ్గర పొడుగాటి వరుసలు కట్టవలసి వచ్చింది. నగరంలో పాలకు కటకట వచ్చింది. ఇక్కడ గేదెలు పాలిస్తూనే ఉన్నాయి, అక్కడ పసిపిల్లలకు పాలు అందలేదు.

అటువంటి రోజున ఏది ముందు ఆగిపోతుందో ఆలోచించండి. ట్యాంకు నిండా డీజిల్ ఉన్న వ్యాను నాలుగు రోజులు తిరగగలదు. కాని అది తెచ్చిన పాలు చల్లార్చే బల్క్ కూలరు కరెంటు పోయిన గంట నుంచి జనరేటరు మీద ఆధారపడుతుంది. జనరేటరు ఆగితే వ్యాను తెచ్చిన పాలన్నీ విరుగుతాయి. అందుచేతనే అదనపు డీజిల్ చోటు వ్యాను కింద కాదు, జనరేటరు పక్కన అంటున్నాం. అక్కడ ఉంటే రెండింటికీ వస్తుంది, రూటు బరువు పెరగదు, పాలకు వాసన అంటదు, చట్టానికి విరుద్ధం కాదు. డీజిల్ వంటి రెండో తరగతి ఇంధనాన్ని ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకుండా నిల్వ ఉంచుకోవడానికి 1934 పెట్రోలియం చట్టం లైసెన్సు అడగదు. మనకు కావలసినది 200 లీటర్ల పీపా ఒకటి రెండు మాత్రమే.

దానికీ నియమాలున్నాయి. పీపా పాలగదికి దూరంగా, నీడలో, గాలి వచ్చే చోట, దిమ్మ మీద ఉండాలి. పక్కన ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు ఉండాలి. సగం ఖాళీ పీపాలో గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఆ నీరు ఇప్పటి ఇంజెక్టర్లకు విషం. కాబట్టి పంపు గొట్టాన్ని అడుగుకు తాకనివ్వకుండా పైనుంచి తోడాలి, వడగట్టి పోయాలి. పాతది ముందు వాడి కొత్తది వెనుక నింపాలి. ఆరు నెలలకు మించి నిలవ ఉంచరాదు. ఎంత పోశారు, ఎంత తోడారు, ఎవరు సంతకం పెట్టారు అన్నది పాల రిజిస్టరు మాదిరిగానే రోజూ రాయాలి. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వ్యాను ట్యాంకు సగానికి దిగకుండా చూడటం, తుఫాను హెచ్చరిక వినగానే నింపించడం కార్యదర్శి బాధ్యతగా తీర్మానంలో రాయించండి.

సభ్యుల సొమ్ము

చివరగా ఒక మనవి. బండి కొనడం పాలకవర్గంలో ఇద్దరు ముగ్గురి ఇష్టంతో జరిగే పని కాకూడదు. సర్వసభ్య సమావేశంలో పెట్టండి. దిగబడిన పూటల పుస్తకం, మెకానిక్ రాసి ఇచ్చిన నివేదిక, కాటా చీటీ, కాగితాల నకళ్లు సభ్యుల ముందు ఉంచండి. ఆ మెకానిక్ అమ్మేవాడు తెచ్చినవాడు కాకూడదు. ఉన్న సొమ్మంతా ధరకే పెట్టేయకుండా, ధరలో ఐదో వంతైనా మొదటి ఏడాది మరమ్మతులకు, టైర్లకు విడిగా ఉంచండి. ఒక్క సంఘం పాలు బండికి చాలకపోతే అదే రూటులోని రెండు మూడు సంఘాలు కలిసి, లీటర్ల లెక్కన ఖర్చు పంచుకునేలా ముందే ఒప్పందం రాసుకోండి.

నెలకొకసారి ఒక్క అంకె నోటీసు బోర్డు మీద రాయండి: చల్లని కేంద్రానికి మంచిగా చేరిన ప్రతి లీటరు పాలకు రవాణా ఖర్చు ఎంత పడింది అని. ఆ అంకె తగ్గుతూ, తిరిగి వచ్చే క్యాన్లు తగ్గుతూ ఉంటే బండి మంచిదే. లేకుంటే అది ఎంత ఎత్తు కొండ ఎక్కినా మన సంఘానికి పనికి రాదు.

మీ మీ రూట్లలో అనుభవాలు, సందేహాలు రాసి పంపితే రానున్న సమావేశంలో కలిసి చర్చిద్దాం. సెలవు.